కాంటెస్సా డ్యాష్‌బోర్డు పగుళ్లు: లప్పం ఒక్క వేసవి కూడా నిలవలేదు, ఇక ఏం చేయాలి?

పాతబండి94 (మల్కాజిగిరి) | 9 నవంబరు, రాత్రి 9.40

గౌరవ సభ్యులకు నమస్కారం. మా నాన్నగారు 1994లో కొన్న కాంటెస్సా క్లాసిక్ కారు ఇప్పుడు నా దగ్గర ఉంది. ఇంజను, గేర్‌బాక్సు, బాడీ అన్నీ వయసుకు తగ్గట్టు బాగానే ఉన్నాయి కానీ, డ్యాష్‌బోర్డు మాత్రం ఎండిపోయిన చెరువులా తయారైంది. ముందు అద్దానికి గాలి వదిలే జాలీ దగ్గర మొదలైన ఒక పగులు, స్పీడోమీటరు వగైరా మీటర్ల గూడు మీదుగా 27 సెంటీమీటర్ల పొడవున సాగింది. దాని పక్కన 11 సెంటీమీటర్లది ఒకటి, స్పీకరు మూల దగ్గర చిన్నది మరొకటి ఉన్నాయి. పగులు అంచులు రెండూ వేయించిన అప్పడం అంచుల్లా పైకి లేచి ఉన్నాయి.

గత జనవరిలో ఇంటి దగ్గరి టింకరింగ్ షాపులో చూపిస్తే, బాడీ లప్పం పెట్టి, రుద్ది, నల్ల రంగు కొట్టి ఇచ్చారు. అప్పగించిన రోజున పగులు ఎక్కడ ఉండేదో నాకే తెలియలేదు. ఏప్రిల్ చివరికి లప్పానికి రెండు పక్కలా వెంట్రుక మందాన గీతలు పడ్డాయి. మే నెలలో ఒక మధ్యాహ్నం బండి గుంతలో పడి లేచినప్పుడు, ఆ లప్పం మొత్తం ఒకే కడ్డీలా ఊడి నా ఒళ్లో పడింది. ఇప్పుడు పగులు మునుపటి కంటే వెడల్పుగా ఉంది. మా బండి ఆరుబయటే నిలుస్తుంది, షెడ్డు కట్టించే వీలు లేదు. దీన్ని నిలిచేలా బాగుచేసుకున్నవారు ఎవరైనా ఉంటే దారి చూపగలరు.

ఫియట్_మామ (నారాయణగూడ) | 9 నవంబరు, రాత్రి 10.15

బాబూ, 30 ఏళ్ల బండికి ముడతలు రాకుండా ఉంటాయా? కొలతకు కుట్టిన మఖ్మల్ గుడ్డ ఒకటి పరిచి హాయిగా తిప్పుకో. నా ప్రీమియర్ పద్మిని కారుకు అదే చేశాను. ఎండకు మెరుపు కొట్టదు, పగులు కనిపించదు, ఖర్చూ లేదు.

పాలిమర్_పంతులు (తార్నాక) | 10 నవంబరు, ఉదయం 6.50

మామగారి సలహా చెడ్డది కాదు. అయితే గుడ్డ కింద పగులు పెరుగుతూనే ఉంటుంది కాబట్టి, బాగుచేయాలన్న కోరిక ఉన్నవారికి అది వాయిదా మాత్రమే అవుతుంది. లప్పం ఎందుకు ఊడిందో తెలిస్తే ఏది నిలుస్తుందో కూడా తెలుస్తుంది. నా ఉద్యోగ జీవితమంతా ప్లాస్టిక్ పదార్థాలతోనే గడిచింది కాబట్టి ఈ ఒక్క విషయంలో కాస్త ఎక్కువ మాట్లాడితే మన్నించండి.

మీ డ్యాష్‌బోర్డులో మూడు పొరలు ఉన్నాయి. అడుగున గట్టి చట్రం, దాని మీద పాలీయురేథేన్ ఫోమ్, పైన పీవీసీ తోలు. పీవీసీ స్వతహాగా గట్టి పదార్థం. మన ఇళ్లలో నీళ్ల పైపులు దానితోనే చేస్తారు. దాన్ని తోలులా వంగేలా చేయడానికి ప్లాస్టిసైజర్ అనే నూనె లాంటి పదార్థాన్ని కలుపుతారు, అది బరువులో మూడో వంతు దాకా ఉండటం మామూలే. ఆ నూనె పీవీసీతో రసాయనికంగా ముడిపడి ఉండదు, చపాతీ పిండిలో కలిపిన నూనెలా ఇమిడి ఉంటుంది, అంతే. ఏళ్ల తరబడి వేడికి అది కొంత ఆవిరైపోతుంది, కొంత కిందనున్న ఫోమ్‌లోకి దిగిపోతుంది. వేసవిలో ముందు అద్దాన్ని లోపలి వైపు తుడిచినప్పుడు గుడ్డకు జిడ్డు అంటుకుంటుంది కదా, ఆ జిడ్డులో చాలా భాగం డ్యాష్‌బోర్డు నుంచి లేచిపోయిన ఆ నూనే.

నూనె పోయిన కొద్దీ తోలు గట్టిపడుతుంది, అంతకంటే ముఖ్యంగా కుంచించుకుపోతుంది. చుట్టూ మరలతో, బంకతో బిగించిన తోలు కుంచించుకుపోవడానికి చోటు లేక డప్పు మీది చర్మంలా బిగుసుకుంటుంది. జాలీ మూల, స్పీకరు రంధ్రం, మీటర్ల గూడు వంపు వంటి చోట్ల ఆ బిగువు అంతా ఒక దగ్గరికి చేరుతుంది కాబట్టి అక్కడే చిట్లుతుంది. మీ మూడు పగుళ్లూ సరిగ్గా అటువంటి చోట్లే ఉన్నాయి, గమనించండి. అందుకే దీన్ని కత్తి పెట్టి కోసిన గాయంలా చూడకూడదు. చాలనంత చిన్నదైపోయిన చొక్కా భుజం దగ్గర చిరిగినట్టుగా చూడాలి. అంచులను దగ్గరికి లాగి అతికిస్తే ఇంకో చోట చిరుగుతుంది.

వేడి ఎంత ఉంటుందో కూడా చెబుతాను. అమెరికాలోని అరిజోనాలో ఎండలో నిలిపిన కార్లపై జరిపిన ఒక పరిశీలన 2018లో వెలువడింది. గంట సేపు ఎండలో ఉన్నాక కారు లోపలి గాలి సగటున 47 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే, డ్యాష్‌బోర్డు 69 డిగ్రీలకు చేరింది. మన మే నెల మధ్యాహ్నాలు 40 డిగ్రీలు దాటే ఊరిలో ఇంతకంటే తక్కువ ఉంటుందని నేను అనుకోను. రోజూ తెల్లవారుజామున 25 డిగ్రీలు, మధ్యాహ్నం 70 డిగ్రీలు అయినప్పుడు, తోలు రోజుకు ఒకసారి సాగి ఒకసారి ముడుచుకుంటుంది. బాడీ లప్పం అంటే పాలియెస్టర్. రేకు మీద వేయడానికి చేసినది, రాయిలా గడ్డకడుతుంది. కదిలే రెండు అంచుల మధ్య కదలని రాయిని పెట్టారు కాబట్టి అంచు వదిలేసింది. పని చేసినవారి చేతిలో లోపమేమీ లేదు, పదార్థమే తప్పు.

పాతబండి94 | 10 నవంబరు, రాత్రి 8.05

పంతులుగారూ, మీరు చెప్పాక టార్చి పట్టుకుని చూశాను. అద్దం వైపు అంచున తోలు దాదాపు 5 మిల్లీమీటర్లు వెనక్కి జరిగిపోయి, ఇన్నాళ్లూ కనబడని గట్టి అంచు బయటపడి ఉంది. ఇది ఇన్నేళ్లూ నా కళ్ల ముందే ఉన్నా నేను చూడలేదు.

సైనిక్‌పురి_సారథి | 10 నవంబరు, రాత్రి 8.30

గోషామహల్ తుక్కు దుకాణాల్లో ఇంకో కాంటెస్సా డ్యాష్‌బోర్డు దొరకదా? ఉన్నదాన్ని తీసి అది బిగించేస్తే సరిపోతుంది కదా.

పాతబండి94 | 10 నవంబరు, రాత్రి 8.52

రెండు ఆదివారాలు తిరిగాను, సారథి గారూ. రాణీగంజ్‌లో కూడా అడిగాను. ఒకటి దొరికింది కానీ దానికి నాలుగు పగుళ్లు ఉన్నాయి. ఆ కారు కూడా మా బండి ఈడుదే, అది కూడా ఇదే ఎండలో నిలిచినది.

రెగ్జిన్_వారసుడు (పుత్లీబౌలి) | 11 నవంబరు, మధ్యాహ్నం 2.20

మా ఇంట్లో రెండు తరాలుగా కార్ల కుషన్ పని చేస్తున్నాం. నా అభిప్రాయంలో 27 సెంటీమీటర్ల పగులును పూడ్చి, రంగు వేసి, గరుకు తెప్పించే శ్రమ కంటే మొత్తానికి కొత్త తొడుగు వేయడమే మేలు. అయితే దానిలో కూడా మెలకువలు ఉన్నాయి. మీరు ఎవరికి ఇచ్చినా ఈ మాటలు అడిగి ఇవ్వండి.

సీట్లకు వేసే మామూలు రెగ్జిన్ వెనుక నేసిన గుడ్డ ఉంటుంది, అది సాగదు. డ్యాష్‌బోర్డుకు వెనుక అల్లిక గుడ్డ ఉన్న రకం కావాలి. చేత్తో నాలుగు పక్కలకూ లాగి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. బంక విషయంలో చౌకబారు రబ్బరు సొల్యూషన్ వాడితే మొదటి ఎండాకాలానికే బుడగలు లేస్తాయి. వేడిని తట్టుకునే కాంటాక్ట్ బంకను రెండు వైపులా పలుచగా రాసి, వేలికి అంటనంత వరకు ఆరనిచ్చి, అప్పుడు అద్దాలి. తడిగా ఉండగానే అద్దితే లోపల చిక్కుకున్న ద్రావణి ఎండకు ఆవిరై తొడుగును లేపుతుంది.

అసలు కష్టం ఉబ్బు వంపుల దగ్గర రాదు, గుంట వంపుల దగ్గర వస్తుంది. మీటర్ల గూడు డ్యాష్‌బోర్డును కలిసే చోట లోపలికి వంగిన మలుపు ఉంటుంది. అక్కడ లాగి అతికించిన రెగ్జిన్ ఎప్పుడూ తిన్నగా సాగిపోవాలనే చూస్తుంది, బంక మెత్తబడిన రోజు డేరాలా లేచి నిలబడుతుంది. మా నాన్నగారు అక్కడ ఎప్పుడూ ఒకే ముక్క వేసేవారు కాదు. గూడుకు వేరే ముక్క, పలకకు వేరే ముక్క కోసి, సరిగ్గా మలుపు గీత మీద కుట్టు వచ్చేలా కలిపేవారు. కుట్టు ఉంటే లాగుడు ఉండదు. కుట్టు కనబడకూడదని పట్టుబట్టే గిరాకీలే ఏడాది తిరక్కుండా మళ్లీ వచ్చేవారు.

జర్మన్_డీజిల్ (బంజారాహిల్స్) | 11 నవంబరు, రాత్రి 9.10

నా దగ్గర 1984 నాటి బెంజ్ డబ్ల్యూ123 ఉంది. ఆ వరుస కార్లకు డ్యాష్‌బోర్డు పగలడం ప్రపంచమంతటా పేరుపడిన జబ్బు కాబట్టి, పాతదాని మీద టోపీలా కూర్చునే ప్లాస్టిక్ తొడుగులు విదేశాల్లో అచ్చు పోసి అమ్ముతారు. నేను ఒకటి తెప్పించి అతికించాను. దూరం నుంచి చక్కగానే ఉంటుంది. దగ్గరగా చూస్తే గాలి జాలీల చుట్టూ మందం రెట్టింపై, అంచు రెండు పెదవుల్లా కనిపిస్తుంది. అతికించే ముందు కింది పగుళ్ల అంచులను కోసి చదును చేయకపోవడం వల్ల మధ్యలో బోలు మిగిలి, రాళ్ల రోడ్డు మీద టకటకమని చప్పుడు కూడా చేస్తోంది. కాంటెస్సాకు అటువంటి తొడుగు అచ్చు పోసినవారు నాకు ఎక్కడా కనబడలేదు కాబట్టి ఈ దారి మీకు ఎలాగూ లేదు.

ఇంటికోడలు118 (ఉప్పల్) | 12 నవంబరు, ఉదయం 11.30

మా మామగారి ప్రీమియర్ 118ఎన్‌ఈ కారు డ్యాష్‌బోర్డుకు నేను చేసిన పొరపాట్లు చెబితే మీకు పనికివస్తాయని రాస్తున్నాను. మొదటిసారి స్నానాల గది మూలలకు వాడే సిలికాన్ సీలెంట్‌తో పూడ్చాను. అది నిజంగానే సాగుతుంది, పగులుతో పాటు కదులుతుంది, ఊడలేదు కూడా. కానీ దాని మీద ఏ రంగూ నిలవలేదు, నల్లటి పలక మీద బూడిద రంగు జెర్రి పాకినట్టు ఉండేది. రెండోసారి దాన్ని గీకి పారేసి, కారు అద్దాలు అతికించే నల్లటి యురేథేన్ సీలెంట్ పెట్టాను. ఇది రంగును పట్టింది కానీ, గరుకు కాగితంతో రుద్దితే రబ్బరులా సాగి చుట్టుకుపోయింది తప్ప చదును కాలేదు.

ఇంకో సంగతి. మామగారు ఇరవై ఏళ్ల పాటు ప్రతి ఆదివారం నిగనిగలాడే పాలిష్ రాసేవారు. అటువంటి పాలిష్‌లలో సిలికాన్ నూనె ఉంటుంది. దాన్ని పూర్తిగా కడగకుండా రంగు కొడితే, రంగు పొరలో చేప కళ్లలా చిన్న చిన్న గుంటలు పడతాయి. గిన్నెలు తోమే సబ్బు నీళ్లతో, మెత్తటి బ్రష్షుతో మూడుసార్లు కడిగి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గుడ్డ నల్లబడటం ఆగేదాకా తుడిచాను. నీళ్లు పోస్తే పూసలు కట్టకుండా పలుచగా పరుచుకుంటే పాలిష్ పోయినట్టు గుర్తు.

పాలిమర్_పంతులు | 12 నవంబరు, సాయంత్రం 5.45

కోడలుగారి రెండు ప్రయోగాలూ మనకు కావలసిన పదార్థానికి రెండు వైపులా నిలబడ్డాయి. సాగాలి, కానీ రుద్దితే చదును కావాలి. ప్లాస్టిక్ బంపర్లు అతకడానికి రెండు గొట్టాల్లో వచ్చే సాగే రకం యురేథేన్ లేదా ఎపాక్సీ పదార్థం దానికి దగ్గరగా ఉంటుంది. రంగుల దుకాణంలో అడిగేటప్పుడు 'సాగే బంపరు ఫిల్లర్' అని నొక్కి చెప్పండి, లేకపోతే గట్టి రకం చేతిలో పెడతారు.

పాతబండి గారికి ఒక చిన్న పని చెబుతాను. స్పార్క్ ప్లగ్ ఖాళీ కొలిచే ఫీలర్ గేజ్ మీ దగ్గర ఉండే ఉంటుంది. పగులు మధ్యలో ఒకే చోట, తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఎండలో ఒకసారి వెడల్పు కొలిచి చెప్పండి.

పాతబండి94 | 15 నవంబరు, రాత్రి 8.20

మూడు రోజులు కొలిచాను. ఉదయం 6 గంటలకు 5.5 మిల్లీమీటర్లు, మధ్యాహ్నం 2 గంటలకు 4.5 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంది. పైకి చూసి ఎండకే పగులు విచ్చుకుంటుందని ఇన్నాళ్లూ అనుకున్నాను, జరిగేది దానికి ఎదురుగా ఉంది.

పాలిమర్_పంతులు | 15 నవంబరు, రాత్రి 9.30

అదే నాకు కావలసిన మాట. వేడికి తోలు సాగి పగులును మూస్తుంది, చలికి ముడుచుకుని తెరుస్తుంది. మీ షాపువారు పగటి వేడిలో, అంటే పగులు ఇరుకుగా ఉన్నప్పుడు పూడ్చి ఉంటే, ఆ రోజు రాత్రి నుంచే ఆ అతుకును రెండు అంచులూ చెరో వైపుకు లాగడం మొదలుపెట్టాయి. అతుకు ఏదైనా సరే, నొక్కుడును భరించినంతగా లాగుడును భరించదు. కాంక్రీటు రోడ్ల బీటలను చల్లటి కాలంలో, అవి బాగా తెరుచుకుని ఉన్నప్పుడు పూడ్చడం వెనుక ఉన్న లెక్క ఇదే. మీరు జనవరి దాకా ఆగి, ఎండ తగలని చోట తెల్లవారుజామున పూడ్చండి. ఆపైన ఏడాదంతా దానికి నొక్కుడే తప్ప లాగుడు పెద్దగా ఉండదు.

కూకట్‌పల్లి_కొత్తవాడు | 18 నవంబరు, సాయంత్రం 7.15

నమస్కారం. నా 2006 నాటి సెడాన్‌కు కూడా ఎడమ వైపు డ్యాష్‌బోర్డు మీద పగులు వచ్చింది. ఆ వైపు ఎయిర్‌బ్యాగు ఉంది. ఇదే పద్ధతిలో పూడ్చవచ్చా, లేక రెగ్జిన్ వేయించనా?

నిర్వాహకుడు | 18 నవంబరు, రాత్రి 7.40

రెండూ వద్దు. ముందు సీటు ఎయిర్‌బ్యాగు మూత డ్యాష్‌బోర్డులోనే కలిసిపోయి ఉంటుంది, చాలా కార్లలో అది చీలవలసిన గీత లోపలి వైపున ఉండి మీకు పైకి కనబడదు. ఎయిర్‌బ్యాగు రెప్పపాటు కంటే తక్కువ సమయంలో విచ్చుకోవాలి. ఆ గీత మీద గట్టి పూత గానీ, బలమైన రెగ్జిన్ గానీ ఉంటే మూత ఆలస్యంగా లేదా అడ్డదిడ్డంగా తెరుచుకుంటుంది, ఎండిన ఫిల్లర్ ముక్కలు మొహం మీదికి ఎగురుతాయి. మందపాటి గుడ్డ పరచడం కూడా తప్పే. ఆ భాగాన్ని కంపెనీ సర్వీసు కేంద్రంలో మార్పించండి. ఈ చర్చలో చెప్పుకుంటున్నదంతా ఎయిర్‌బ్యాగులు లేని పాత కార్లకు మాత్రమే వర్తిస్తుందని అందరూ గమనించగలరు.

సైనిక్‌పురి_సారథి | 18 నవంబరు, రాత్రి 8.10

మా మారుతి 800కు ఫోమ్ లేదు, గట్టి ప్లాస్టిక్కే చిట్లింది. దానికి?

పాలిమర్_పంతులు | 18 నవంబరు, రాత్రి 8.35

అది వేరే జాతి, వైద్యమూ వేరే. ముక్కను తీసి వెనుక వైపు అచ్చు గుర్తు చూడండి. ఏబీఎస్ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) అని ఉంటే ఎపాక్సీతో వెనుక నుంచి సన్నని స్టీలు జాలీ పట్టీ వేసి అతకవచ్చు. పీపీ అని ఉంటే పాలీప్రొపిలీన్. దానికి మామూలు బంకలేవీ అంటవు, వేడి గాలితో అదే జాతి కడ్డీని కరిగించి వెల్డింగ్ చేయించాలి.

ఫియట్_మామ | 19 నవంబరు, ఉదయం 7.30

ఈ ఫోమ్ గోల అంతా ఎందుకు వచ్చిందో మీలో ఎందరికి తెలుసు? చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి 1912 నాటి రోల్స్ రాయిస్ ఉంది, వెళ్లి చూడండి. ఆ కాలపు కార్లకు మెత్తటి డ్యాష్‌బోర్డు అనే ఊహే లేదు. బండి గుద్దుకుంటే తల వెళ్లి గట్టి పలకకు కొట్టుకునేది. 1956లో ఫోర్డు కంపెనీ మెత్తటి డ్యాష్‌బోర్డును భద్రత కోసమని, అదనపు సొమ్ముకు ఇవ్వడం మొదలుపెట్టింది. 1968 నుంచి అమెరికాలో లోపలి భాగాలు తలకు దెబ్బ తగలనివ్వని విధంగా ఉండాలని నిబంధన కూడా వచ్చింది. అందుకని, బాబూ, పాడైన ఫోమ్‌ను తవ్వేసి ఆ గుంతను నిండా గట్టి పదార్థంతో నింపకు. ఫోమ్ ఉండవలసిన చోట ఫోమే ఉండాలి.

పాలిమర్_పంతులు | 19 నవంబరు, ఉదయం 8.00

ఈ మాట నేను మొదటే చెప్పవలసింది. మామగారికి ధన్యవాదాలు.

పాతబండి94 | 26 జనవరి, రాత్రి 10.30

పని పూర్తయింది. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించగలరు, కాస్త వివరంగానే రాస్తాను.

బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, ప్రతి కనెక్టరుకూ కాగితపు టేపు మీద అంకె రాసి అంటించి, ఫోనుతో బొమ్మలు తీసుకుంటూ డ్యాష్‌బోర్డును బయటకు తీశాను. ఒక రోజులో అవుతుందనుకున్న ఈ పని రెండు రోజులు పట్టింది. స్పీడోమీటరు కేబుల్‌ను వెనుక నుంచి చేతి తడుముడుతోనే విప్పవలసి వచ్చింది. 30 ఏళ్ల ప్లాస్టిక్ క్లిప్పులు చలికి పుటుక్కుమని విరుగుతున్నాయని రెండు పోగొట్టుకున్నాక తెలుసుకుని, మిగిలినవాటిని జుట్టు ఆరబెట్టే యంత్రంతో వెచ్చబెట్టి తీశాను. మరలను గుడ్ల అట్టలో వరుస క్రమంలో పెట్టుకోవడం నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని. జాలీ లోపల ఒక 25 పైసల నాణెం, నా చిన్నప్పటి ప్లాస్టిక్ విజిల్ దొరికాయి.

కోడలుగారు చెప్పిన పద్ధతిలో కడిగాను, నాలుగుసార్లు పట్టింది. తర్వాత కొత్త బ్లేడుతో పగులుకు రెండు పక్కలా పైకి లేచిన అంచును ఏటవాలుగా కోశాను. ఆ అప్పడపు అంచును నొక్కి అతికించాలని ఎంత ప్రయత్నించినా లేస్తూనే ఉంది కాబట్టి, పోయిన తోలు పోయిందనుకుని 4 మిల్లీమీటర్ల మేర తీసేయడమే సరైనదని అనిపించింది. దాని కింద ఫోమ్ పసుపు పొడిలా వేలికి రాలుతోంది. గట్టి ఫోమ్ తగిలే వరకు బొటనవేలితో గీకి, వాక్యూమ్‌తో లాగేశాను. ప్రతి పగులు కొసనా 2 మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రం వేశాను. కొస సన్నగా ఉంటే బిగువంతా అక్కడే చేరి ముందుకు చీల్చుతుంది, గుండ్రంగా ఉంటే ఆగిపోతుంది.

ఫోమ్ పోయిన గుంతకు కొత్త ఫోమ్ ముక్కను కొలతకు కోసి, పై తోలు కంటే 3 మిల్లీమీటర్లు లోతుగా ఉండేలా అతికించాను. జనవరి 11న తెల్లవారి 5.30కు, వరండాలో స్వెట్టరు వేసుకుని, సాగే ఫిల్లర్‌ను రెండు పలుచటి పొరలుగా నింపాను. ఆ సమయానికి పగులు, బ్లేడుతో కోసిన భాగం పోగా, నవంబరులో కొలిచిన దానికంటే కూడా కాస్త వెడల్పుగానే ఉంది. ఆరాక 80, తర్వాత 180, చివర 320 నంబరు కాగితాలతో చెక్క దిమ్మకు చుట్టి రుద్దాను.

ఇక గరుకు. చదునైన అతుకు మీద రంగు వేస్తే అది గడ్డం గీసుకున్న చోటులా తెలిసిపోతుంది. సామాన్ల అర మూతకు కింది వైపున ఎండ తగలని తోలు కొత్తదానిలా ఉంది. దాని మీద అచ్చులు పోసే సిలికాన్ రబ్బరును అరచేతి వెడల్పున పూసి, మర్నాడు ఒలిస్తే తోలు గీతలన్నీ తిరగబడి వచ్చాయి. పలుచగా చివరి పొర ఫిల్లర్ పూసి, అది వేలికి అంటీ అంటని దశలో ఉన్నప్పుడు ఆ రబ్బరు ముద్రకు చిటికెడు సబ్బు నీళ్లు రాసి అద్దాను. మొదటి అద్దుడు తొందరపడి పాడుచేసుకున్నాను, రెండోది బాగా వచ్చింది. ముద్రలు కలిసే చోట ఒక గీత మిగిలింది, తెలిసినవారికే కనిపిస్తుంది. ఆపైన ప్లాస్టిక్ ప్రైమరు, దాని మీద వినైల్‌కు వాడే మెరుపు లేని నల్ల రంగు, ఐదు పలుచటి పూతలు వేశాను.

వారసుడుగారు మన్నించాలి, మీటర్ల గూడు మీది భాగం మాత్రం నా చేతిలో ఒప్పలేదు. ఆ ఒక్క గూడుకు పుత్లీబౌలిలో అల్లిక రెగ్జిన్ తొడిగించాను, మీరు చెప్పినట్టే మలుపు మీద కుట్టుతో. కుట్టు కనబడకుండా వేస్తానని అక్కడి ఉస్తాద్ రెండుసార్లు అన్నారు, నేను వద్దన్నాను.

రెగ్జిన్_వారసుడు | 27 జనవరి, ఉదయం 10.05

మన్నించవలసినదేమీ లేదు. పెద్ద పలకకు పూడిక, గూడుకు తొడుగు అన్నది మా దుకాణంలో కూడా ఎవరికీ తట్టలేదు. కుట్టు వద్దనకుండా నిలబడ్డందుకు మా నాన్నగారు మీకు సలాం చెప్పమన్నారు. మే నెల పోయాక మళ్లీ రాయండి, అప్పటిదాకా పని అయినట్టు నేను ఒప్పుకోను.

ఇంటికోడలు118 | 27 జనవరి, మధ్యాహ్నం 1.15

మెరుపు లేని రంగు ఎంచుకోవడం మంచిపని. మేము నిగనిగలాడేది వేసి, మధ్యాహ్నం వేళ ముందు అద్దంలో డ్యాష్‌బోర్డు నీడ తప్ప రోడ్డు కనబడక మళ్లీ కొట్టించాం.

సైనిక్‌పురి_సారథి | 27 జనవరి, రాత్రి 9.00

ఇంత శ్రమపడ్డాక అద్దాలకు ఒక నల్ల ఫిల్ము వేయించేస్తే ఎండ బాధ పోతుంది కదా?

నిర్వాహకుడు | 27 జనవరి, రాత్రి 9.20

2012లో సుప్రీంకోర్టు కారు అద్దాల మీద ఫిల్ములను నిషేధించింది, మన నగరంలో ట్రాఫిక్ పోలీసులు నిలబెట్టి ఒలిపిస్తారు. నిలిపినప్పుడు ముందు అద్దం లోపల వెండి రంగు అట్ట మడత పెట్టుకోవచ్చు. మధ్యాహ్నం బండి మూతిని పడమర వైపు పెట్టకుండా ఉన్నా చాలా తేడా ఉంటుంది.

పాతబండి94 | 2 జూన్, రాత్రి 9.15

వారసుడుగారి గడువు ముగిసింది కాబట్టి రాస్తున్నాను. బండి మే నెలంతా ఆరుబయటే ఉంది. అట్ట పెట్టడం నాలుగైదు సార్లు మరిచిపోయాను కూడా. 27 సెంటీమీటర్ల పూడిక ఎక్కడా వదల్లేదు, గోటితో అంచు వెంబడి తడిమి చూశాను. గూడు మీది తొడుగు లేవలేదు. స్పీకరు మూల దగ్గరి చిన్న పగులు పక్కన మాత్రం, నేను రంధ్రం వేసిన చోటు నుంచి కాకుండా, దానికి వేలెడు దూరంలో 2 సెంటీమీటర్ల కొత్త గీత పడింది.

పాలిమర్_పంతులు | 2 జూన్, రాత్రి 9.50

తోలు ఇంకా కుంచించుకుపోతూనే ఉందన్న మాట. ఇప్పుడు ముట్టుకోకండి. ఆ గీత రెండు కొసలకూ రంధ్రాలు వేసి, జనవరి దాకా అలాగే వదిలేయండి. మిగిలిన ఫిల్లర్ గొట్టాలను ఫ్రిజ్ తలుపులో పెట్టండి.

పాతబండి94 | 2 జూన్, రాత్రి 10.02

రంధ్రాలు రేపు ఉదయం వేస్తాను. గొట్టాలు నవంబరు నుంచీ ఫ్రిజ్‌లోనే ఉన్నాయి పంతులుగారూ, ఎవరూ పొరపాటున పళ్లు తోముకోకూడదని అమ్మ వాటి మీద పెద్ద అక్షరాలతో చీటీ అంటించింది.